పలకని పేర్లు

గొడవ అరిగిపోయిన సబ్బుముక్క దగ్గర మొదలైంది. నేను పారేస్తే మా ఆయన చెత్తబుట్టలోంచి తీసి కొత్త సబ్బుకి అతికించారు. మన రంగుల కొట్టు అంత కుదేలైపోయిందా అని అడిగాను.

"వాళ్ల నాన్న నురగ కూడా లెక్కపెట్టేవాడమ్మా. వీడు నయం," అంది అత్తయ్య.

ఆయన మా వీధి వర్తకుల సంఘానికి పదకొండేళ్లుగా కోశాధికారి. జీతం లేని పని. ఆ మధ్యాహ్నం బీరువా సర్దుతుంటే సంఘం రసీదు పుస్తకం బయటపడింది. గడియారాల కొట్టు పేరున ఈ నెల చందా రసీదు! ఆ కొట్టు నడిపిన పెద్దాయన పోయి మూడేళ్లయింది. ఆ గదిలో ఇప్పుడు సిమెంటు బస్తాలు పెడుతున్నారు. తర్వాతి రసీదు దర్జీది, ఆ తర్వాత గొడుగులు బాగుచేసే అక్కచెల్లెళ్లది. మూతపడ్డ కొట్లవి మొత్తం పదిహేడు. తీసుకునేవాళ్లు లేక ఒక్కటీ పుస్తకంలోంచి చింపలేదు.

సాయంత్రం అత్తయ్య ఎదుటే పుస్తకం ముందు పెడితే ఆయన దాచలేదు. గడియారాలాయన కొడుకు కొట్టు మళ్లీ తెరుస్తాడేమోనని మొదట ఒక నెల చందా తన జేబులోంచి కట్టారట. తర్వాత దర్జీ పేరు కొట్టేయడానికి చెయ్యి రాలేదట. ఏటా సభలో కోశాధికారి కొట్ల పేర్లు చదివితే యజమానులు లేచి "ఉన్నాం" అనాలి. మూడేళ్లుగా ఆయన టైము లేదంటూ మొత్తం ఎన్ని కొట్లో ఆ లెక్క మాత్రం చదువుతున్నారు: ముప్పై ఆరు.

ఆ అంకె చూసుకునే రేపటి సభలో సంఘం కోసం ఒక హాలును పదేళ్లకు అద్దెకు తీసుకోబోతున్నారు. అద్దెకు సభ్యులందరూ పూచీ. నిజంగా మిగిలింది పంతొమ్మిది కొట్లే.

"చెబితే?" అన్నాను.

"హాలూ ఉండదు, సంఘమూ ఉండదు. నా మొహం ఎవరూ చూడరు."

రాత్రి భోజనాల దగ్గర ఆయన చాలాసేపు అన్నం కెలికారు. అత్తయ్య అన్నిటికీ వేసే జోకు కూడా వేయలేదు. సంఘం మొదలుపెట్టిన నలుగురిలో మామయ్య ఒకరు.

"అమ్మా," అన్నారు ఆయన, తల ఎత్తకుండా. "రేపు పేర్లన్నీ చదువుతాను. ముప్పై ఆరూ. ఎవరూ పలకని చోట అందరి ముందే గీత కొడతాను."

అత్తయ్య ఆయన కంచంలో ఇంకొంచెం అన్నం వడ్డించింది.

"గడియారాలాయన పేరు కాస్త నెమ్మదిగా చదువు నాయనా," అంది.