గట్టుకు మొక్కిన పొట్టేలు

రెండువేల పద్నాలుగు ఎన్నికల ప్రచారంలో ఈదయ్యకు గొంగడి కప్పితే కప్పించుకునేవాడు గానీ, గొర్రెపిల్లను ఇవ్వబోతే మాత్రం రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు. టికెట్టు వచ్చాక తెల్లబట్టల మీద మోజు పెరిగిందని కార్యకర్తలు చాటుగా నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ. అసలు సంగతి తెలిస్తే నవ్వరు, ఉమ్మేస్తారు.

ఆత్మకూర్ (ఎస్)లో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు ఈదయ్య. రెండువేల ఒకటిలో తెలంగాణ కోసం కొత్త పార్టీ పెడితే సూర్యాపేట గోడలకు సున్నం కొట్టి నినాదాలు రాశాడు. మండల అధ్యక్షుడయ్యాడు. రైల్‌రోకోలో మిర్యాలగూడ స్టేషన్లో పట్టాల మీద పడుకుని లాఠీదెబ్బలు తిన్నాడు, జైలుకూ వెళ్ళొచ్చాడు. ఆ దెబ్బలే అతన్ని జిల్లా కార్యదర్శిని చేశాయి. ఇక మిగిలింది ఎమ్మెల్యే టికెట్టు. అది ఇప్పించగల పెద్ద నాయకుడు హైదరాబాద్ నుంచి కోదాడ సభకు వస్తున్నాడని తెలిశాక ఈదయ్యకు కాలు ఒకచోట నిలవలేదు.

గొర్రెల కాపరుల సభ అంటే నాయకుడికి గొంగడి కప్పాలి, చేతుల్లో గొర్రెపిల్లను పెట్టాలి. ఫొటో అయ్యాక పిల్లను ఇచ్చినవాళ్ళకు అప్పగిస్తారు. ఈసారి పిల్ల కోసం ఈదయ్య అడిగింది వరుసకు చిన్నమ్మ అయ్యే రుక్కమ్మను. ఆమె మంద దూరం మేతకు పోయింది. ఇంటి దగ్గర ఉన్నది ఒక్కటే పొట్టేలు పిల్ల. దాని నుదుట పసుపు, మెడలో ఇత్తడి గంట.

"ఫొటో దిగినంక మళ్ల తెచ్చియ్యి బిడ్డా" అంది రుక్కమ్మ. "గిది చౌడమ్మ తల్లికి మొక్కింది. మాఘమాసంల పెద్దగట్టు జాతరకు తోల్కపోవాలె."

"నాకు తెల్వదా చిన్నమ్మా" అన్నాడు ఈదయ్య.

సభ బ్రహ్మాండంగా జరిగింది. పెద్దాయన పొట్టేలును ఎత్తుకుంటే చప్పట్లే చప్పట్లు. భోజనాలకు గెస్ట్‌హౌస్‌కు చేరాక, అరుగుకు కట్టేసిన పొట్టేలు వీపు నిమిరి ఆయన అన్నాడు: "ఈదయ్యా, ఇది నాకిచ్చిందే గదా? దీన్నే వండిపియ్యి. లేత మాంసం."

'ఇది దేవునిదన్నా' అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయనా మొక్కులు మొక్కే మనిషే, చెంపలేసుకుని వదిలేసేవాడు. ఆ మాట ఈదయ్య గొంతు దాకా వచ్చింది కూడా. అక్కడ టికెట్టు అడ్డం పడింది.

"దాందేమున్నదన్నా" అన్నాడు.

గంట చూసి వంటవాడు ఏమైనా అడుగుతాడేమోనని తానే వంగి, మెడలోని తాడు ముడి విప్పి, తాడుతో సహా గంటను జేబులో వేసుకున్నాడు. నుదుటి పసుపును కండువాతో తుడిచాడు. విస్తరిలో ముక్కలు పడితే తిన్నాడు. పెద్దాయన పక్కన కూర్చుని తినకుండా లేవడం ఎలా మరి!

సాయంత్రం రుక్కమ్మ వాకిట్లో నిలబడి, "ట్రాలీల నుంచి రోడ్డు మీదికి దుంకింది చిన్నమ్మా. లారీ గుద్దింది" అని చెప్పాడు.

రుక్కమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. తర్వాత అతని చేతులు పట్టుకుంది. "పోతే పోయింది, పరేషాన్ గాకు. నిన్ను జైల్ల ఏసినప్పుడు, నువ్వు పాణంతోని ఇల్లు జేరాలని నీ కోసమే మొక్కిన బిడ్డా. నీ మీదికొచ్చిన గండం అది తన మీదేసుకున్నది."

ఈదయ్యకు తల కొట్టేసినట్టయింది. తన ప్రాణం కోసం మొక్కిన జీవాన్నే తాను నమిలి మింగాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. ఆమె మంచినీళ్ళ చెంబు అందించింది. తాగి వచ్చేశాడు.

ఆ గంటను పారేయడానికి చేయి రాలేదు, ఇంట్లో పెట్టడానికి ధైర్యం చాలలేదు. జాతర దాకా అది అతని జేబులోనే తిరిగింది.

మాఘమాసంలో సూర్యాపేట పక్కనున్న పెద్దగట్టు మీద భేరీలు మోగుతుంటే, "ఓ లింగా" అని గట్టు మీది దేవుణ్ణి పిలుస్తూ జనం ఎక్కుతున్నారు. మొక్కు మొక్కేనని రుక్కమ్మ మందలోంచి ఇంకో పొట్టేలు పిల్లను తెచ్చింది. ఈదయ్య వెంట పత్రికల వాళ్ళు వచ్చారు. పొట్టేలు బోసి మెడ చూశాక అతను ఉండబట్టలేకపోయాడు. గంట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"గాడ రోడ్డు మీద దొరికింది చిన్నమ్మా" అన్నాడు. నిజం చెబుదామని తీసిన గంటతోనే మళ్ళీ అబద్ధం ఆడాడు.

రుక్కమ్మ సంబరంగా అందుకుంది. తాడును వేళ్ళతో తడిమింది. తాడు తెగలేదు, నలగలేదు. తాను బిగించిన ముడిని ఎవరో నింపాదిగా విప్పారు. లారీ కింద పడ్డ జీవం మెడలోంచి ముడి విప్పి గంట తీసేవాడెవడు? ఆమె తలెత్తి ఈదయ్య ముఖంలోకి చూసింది. అతను కళ్ళు దించుకున్నాడు. అంతటితో ఆమెకు అర్థమైపోయింది.

నలుగురిలో తిట్టినా, చెంప మీద కొట్టినా అతనికి ఇంత సిగ్గనిపించేది కాదు.  రుక్కమ్మ గంటను కొత్త పొట్టేలు మెడకు కట్టి, దాన్ని ఎత్తి అతని ముందుకు చాపింది.

"ఫొటో దిగు సారూ" అంది, అతనికి ఊహ తెలిసిన నాటి నుంచి బిడ్డా అని తప్ప పిలవని మనిషి. "దిగినంక మాత్రం నాకిచ్చెయ్యి. తల్లికియ్యాలె."

కెమెరాలు పైకి లేచాయి. ఈదయ్య చేతులు రెండూ వెనక్కి పోయాయి.