వదిన మణికట్టు

దుప్పటికి ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస పట్టుకుని వదిన మెలిపెడుతోంది. నీళ్ళు ధార కట్టి నా పాదాల మీద పడుతున్నాయి. ఎప్పుడూ పిండే పని నాకు వదిలేసి ఆరేయడానికి మాత్రం వచ్చే మనిషి, ఆ రోజు నా చేతిలోని కొస జారిపోయేంత గట్టిగా తిప్పింది.

"ఏంటి వదినా, కుస్తీకి వెళ్తున్నావా?"

"స్కాన్‌కి వెళ్తున్నాగా. నా చేతులెలా ఉన్నాయో నువ్వే చెప్పు."

"నా చేతులు ఊడొచ్చాయి. అంతవరకే చెప్పగలను."

వదినది కీళ్ళవాతం. మణికట్లూ వేళ్ళ కణుపులూ వాచిపోయి, దర్జీ కొట్లో కాజాలు కుట్టే పని మానుకుంది. వారానికోసారి వేసుకునే మాత్రతో తేరుకుంది. అయితే ఆ మాత్ర వాడినన్నాళ్ళూ కడుపు రాకూడదు. నొప్పి పోయినంత మాత్రాన ఆపలేనన్నాడు పెద్ద డాక్టరు. కీళ్ళ లోపల మంట చల్లారిందని స్కాన్‌లో కనిపిస్తే ఆపుతాడు. లేకపోతే ముందు మందు మార్చాలి, మళ్ళీ ఆగాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ వదిన ఆగుతూనే ఉంది.

స్కాన్ గదిలో లైటు తగ్గించి, డాక్టరమ్మ వదిన మణికట్టు మీద చల్లని జెల్ రాసింది. చేతిలోని పరికరాన్ని ఆనీ ఆననట్టు పెట్టింది.

"గట్టిగా అదిమితే రక్తం ఆడేది కనపడదు. ఇదిగో, ఈ తెల్ల గీత ఎముక. దీని పక్క సందులో ఎర్రగా మెరిసిందంటే జబ్బు ఇంకా మేలుకునే ఉన్నట్టు. ఈ మధ్య నొప్పి మాత్రలేమైనా వేసుకున్నారా?"

"లేదండీ," అంది వదిన తెర మీంచి చూపు తిప్పకుండా.

ఒక్కో కీలూ బూడిద రంగులో వచ్చి పోయింది. ఎరుపన్నది ఎక్కడా లేదు.

ఆ రాత్రి అన్నయ్య భోజనం దగ్గర కుదురుగా కూర్చోలేదు. "మీ వదిన చేతులు ఫస్టుక్లాసులో పాసయ్యాయే!"

"ముందు నువ్వు కంచంలోది పాస్ చెయ్యరా," అంది అమ్మ. కళ్ళు మాత్రం కొంగుతో ఒత్తుకుంది.

పెద్ద డాక్టరు సాయంత్రం రమ్మన్న రోజు పొద్దున, వంటింట్లో కుళాయి తిప్పలేక వదిన రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కుతోంది. నేను వెళ్ళి తిప్పాను. ఆమె వేళ్ళు ముడుచుకోవడం లేదు.

"వదినా?"

"అరవకు. స్కాన్ ముందు వారమంతా నొప్పి మాత్రలేసుకున్నా. చదువుకోకుండా పరీక్షకి ఎవరైనా వెళ్తారా? నేనూ అలాగే తయారై వెళ్ళా. అయిపోయిందిగా అని ఆపేశా."

"అది లోపలెలా ఉందో చూడ్డానికి కదా వదినా. నువ్వు వాపుని దాచిపెట్టి చూపించావు."

"తెలుసులే, ఇప్పుడు తెలిసింది."

"వారం మాత్ర ఆపేశాక, కడుపుతో ఉన్నప్పుడు మంట రేగితే?"

వదిన నీళ్ళ కింద చేతులు పెట్టుకుంది. "నిజం చెబితే మళ్ళీ మొదటికొస్తాను. మీ అమ్మ మొహం చూడు ఎలా వెలిగిపోతోందో."

అప్పుడే అన్నయ్య మాత్రల డబ్బా గలగలలాడిస్తూ వచ్చాడు. "శ్రీమతిగారూ, వీటికి ఇవాళ్టితో సెలవు. గిరాటేసే ముచ్చట ఎవరిది, మీదా నాదా?"

వదిన చెయ్యి చాచింది. అతను డబ్బా పెట్టాడు. పట్టు దొరక్క అది కిందపడి దొర్లింది. అన్నయ్య వంగి తీస్తూ ఆమె వేళ్ళు చూశాడు. ఉబ్బిన కణుపుల మీద చర్మం నున్నగా మెరుస్తోంది. అతని నవ్వు ఆగిపోయింది.

"ఇదేంటి?"

వదిన రెండు అరచేతులతో ఆ డబ్బా అందుకుని సంచిలో వేసుకుంది. బీరువా మీంచి స్కాన్ కవరు తీసింది. కొంగు సర్దుకోవడానికి కాస్త తిప్పలు పడింది.

"ఇప్పుడెక్కడికే అమ్మాయ్? సాయంత్రం కదా డాక్టరు?" అమ్మ లోపల్నుంచి కేకేసింది.

నేను గుమ్మం దాకా వెళ్ళాను. వదిన చెప్పుల్లో కాళ్ళు పెట్టి, మెట్లు దిగి, ఆసుపత్రికి వెళ్ళే బస్సు ఆగే వైపుకి తిరిగింది.