మొదటి గుక్క

“జొన్నలు నానేశాను. నీళ్ళు వంచి, బూడిద కలిపి, గోనె కింద పరిచెయ్యి” అంది మా అత్త, ఆ ఉప్పుడబ్బా ఇలా అందుకో అన్నంత మామూలుగా.

నేను పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను. బునియోని సరస్సు మీంచి లేచిన పొగమంచు మెట్ల పొలాలన్నీ ఎక్కి మా దండెం దాకా వచ్చేసింది. ఏది దుప్పటో ఏది మంచో తెలియడం లేదు. ఆ తెల్లదనంలోంచి అత్త గొంతు వినిపిస్తోంది గానీ మనిషి కనపడటం లేదు. అందుకేనేమో ఆ మాట ఎవరో కలలో అన్నట్టుంది.

“ఎవరికి అత్తయ్యా?” అన్నాను, తెలిసే.

“ఎవరికేంటి, నీ కూతురి అప్పగింతలకి. నీ చేతి జొన్న కల్లు లేకుండా పిల్లని పంపిస్తే నలుగురూ ఏమనుకుంటారు? నిన్నేం తాగమనడం లేదుగా. చెయ్యమంటున్నాను.”

చెయ్యమంటున్నాను. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆ మాట నా వెనకే తిరుగుతోంది. బీన్స్ ఏరడం, సంకటి కెలకడం, రేవు నుంచి నీళ్ళు మొయ్యడం, ఆ మీద బడికి పరుగెత్తి నాలుగో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పడం, వచ్చి మళ్ళీ సంకటి. ఇవన్నీ ఎవరికీ కనపడేవి కావు. ఒక్క జొన్న కల్లు మాత్రం కనపడేది. కుండ మూత తీసి నేను రుచి చూస్తుంటే మామయ్య, అత్త, మా ఆయన, ఆడపడుచు అందరూ చుట్టూ నిలబడి నా మొహంలోకి చూసేవాళ్ళు. “ఎలా ఉంది? పులిసిందా? రేపటిదాకా ఆగాలా?” అని అడిగేవాళ్ళు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నా అభిప్రాయం అడిగింది ఆ ఒక్క విషయంలోనే. ఇంకో రెండు గుక్కలు తాగి గానీ చెప్పేదాన్ని కాదు. ఆ నిలబడి చూడటం ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించేది. అలా మొదలైంది. తర్వాత చూసేవాళ్ళు లేకపోయినా తాగడం వచ్చేసింది. ఆ తర్వాత కల్లు చాలలేదు. ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మే వరాగి సారా పిండి డబ్బాలో, నెలసరి గుడ్డల మూటలో, బడికి తీసుకెళ్ళే టీ ఫ్లాస్కులో చేరింది. అది గొంతు దిగగానే సాయంత్రం మెత్తబడేది. గిన్నెల చప్పుడు నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుండేది. ఎవరేమన్నా నన్ను తాకకుండా పక్కనుంచి తేలిపోయేది.

మా ఆయన బ్యారుగాబా బంగాళదుంపల లారీ నడుపుతాడు. ఆయన తూలుకుంటూ వస్తే “పాపం, రోజంతా ఘాట్ రోడ్ల మీద తిరిగాడు” అనేది అత్త. నేను ఆయన బూట్లు విప్పి, దుప్పటి కప్పేదాన్ని. నేను ఒకరోజు నల్లబల్ల పక్కన కూలబడితే మాత్రం గదిలో పెట్టి తాళం వేశారు. జ్వరమని చెప్పారు. తర్వాత నేనే పట్టుబట్టి ఎంబరారాలో తాగుడు మానిపించే చోటికి వెళ్ళి నెలల తరబడి ఉంటే, టీచర్ల ట్రైనింగని చెప్పారు. ఏం ట్రైనింగని ఎవరో అడిగితే అత్త ఆలోచించి “కంప్యూటర్” అందట. నేను తిరిగొచ్చేసరికి ఊళ్ళో చెడిపోయిన ఫోన్లన్నీ నాకోసం ఎదురుచూస్తున్నాయి.

బూడిద కలిపాను. గోనె కింద పరిచాను. కాచనని ఎందుకు అనలేదంటే, ఎందుకు కాచవని అడుగుతారు. దానికి జవాబు మా ఇంటి గడప దాటకూడదు. పైగా నిన్సీమా నా కూతురు. దాని అప్పగింతలకి వేరేవాళ్ళ కుండ పెడితే నా చెయ్యి దాని మీద లేనట్టుంటుందని నాకే అనిపించింది.

కబాలే పట్టణంలో ఫ్లావియా అక్కకి ఫోన్ చేశాను. ఆమె బట్టలు కుడుతుంది. నాకన్నా ముందు ఆ చోటికి వెళ్ళొచ్చిన మనిషి. మేం కొంతమందిమి వారానికోసారి ఆమె దుకాణం వెనక గదిలో కలుస్తాం.

“కాస్తున్నావా?” అంది. కుట్టు మిషన్ ఆగిపోయిన చప్పుడు వినిపించింది.

“కాస్తున్నాను.”

“తప్పించుకోలేవా?”

“లేను అక్కా.”

“సరే, విను. కావాలనిపిస్తుంది. అనిపించనీ. అదేం నేరం కాదు. కానీ దాంతో ఒక్కదానివే కూర్చోకు. ఎవర్నన్నా పక్కన పెట్టుకో. అల్లం ముక్క నమలు. పాడైపోతుందేమోనని భయపడకు. పాడైతే కల్లేగా పాడయ్యేది.”

అందుకని నిన్సీమాని పక్కన పెట్టుకున్నాను. మొలకెత్తిన జొన్నలు ఎండబెట్టి, ఇద్దరం తిరగలి విసిరాం. పిండి ఉడికించి, కుండలకి ఎత్తాం. మూడో పూటకి ఆ వాసన లేచింది. పుల్లగా, తియ్యగా, వానకి తడిసిన రొట్టెలాగా. వంటింట్లో, నా జుట్టులో, బడి పిల్లల పుస్తకాల్లో కూడా అదే. మధ్యాహ్నం కునుకు పడితే ఆ వాసనే సరస్సు అయ్యేది. నేను దోనె మీంచి చెయ్యి జారవిడిచి, వేళ్ళతో నీళ్ళు కోసుకుంటూ పోతుండేదాన్ని. ఒడ్డు ఎక్కడో గుర్తుండేది కాదు. ఒడ్డు లేకపోవడం ఎంత హాయిగా ఉండేదంటే, మెలకువ వచ్చాక పిడికిళ్ళు విప్పడానికి కాసేపు పట్టేది.

రుచి చూడకుండా కల్లు ఎప్పుడు సిద్ధమైందో తెలుసుకోవడం ఎలా? కుండకి చెవి ఆనించాను. లోపల సన్నటి వాన. సరస్సు మీద తొలి చినుకులు పడ్డట్టు చిటపటలు.

“అమ్మా, తాగాలనుందా?” అంది నిన్సీమా.

ఈ ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు. తాగావా అనే అడిగారు.

“ఉంది” అన్నాను.

అది వచ్చి కుండకి అటువైపు కూర్చుని, తనూ చెవి ఆనించింది. మంచు కరిగేదాకా ఇద్దరం అలాగే విన్నాం.

అప్పగింతల ముందు రోజు మా ఆడపడుచు కెన్యాంగి వచ్చింది. పెళ్ళికూతురికి మేనత్త కాబట్టి ఆరోజు పెత్తనమంతా ఆమెదే. వస్తూనే నన్ను వంటింట్లోకి లాగింది.

“మొదటి గుక్క సంగతేంటి వదినా?”

నేనూ దాని గురించే ఆలోచిస్తున్నాను. మా వైపు కల్లు కాచినవాళ్ళే అతిథుల ముందు మొదటి గుక్క తాగాలి. ఇందులో విషం లేదని చెప్పడం అది. అలా తాగకుండా కుండ ముందు పెడితే ఎవరూ కల్లు పీల్చే గొట్టం ముట్టుకోరు.

“రక్షణ పొందానని చెప్పెయ్. చర్చిలో సాక్ష్యం చెప్పినవాళ్ళని ఎవరూ తాగమని అడగరు” అంది కెన్యాంగి.

“రక్షణ పొందినవాళ్ళు నాలుగు కుండల కల్లు కాస్తారా?”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “అదీ నిజమే. పోనీలే, నేను తాగుతాను. ఇద్దరం కలిసి కాచామంటాను.”

ఆ మాటతో నాకు ఆ రోజు నిద్ర పట్టింది.

మగపెళ్ళివాళ్ళు పొగమంచులోనే వచ్చారు. ముందు పాట వినిపించింది, తర్వాత తెడ్ల చప్పుడు, ఆ తర్వాత దోనెలు ఒక్కొక్కటే తెలుపులోంచి బయటపడ్డాయి. వాళ్ళ తరఫున మాట్లాడే పెద్దమనిషి రుకుండో గడ్డి మీద కాలు పెడుతూనే మొదలుపెట్టాడు. “దారి తప్పాం బాబూ. ఒక దీవి చుట్టూ రెండుసార్లు తిరిగాం. చివరికి కల్లు వాసన పట్టుకుని వచ్చాం. ఇది ఆ ఇల్లేనా, లేక పక్కింట్లో ఇంకా మంచిదుందా?” అందరూ నవ్వారు. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. మాటలు, ఎదురుమాటలు, పొడుపులు అయ్యాయి. పెద్ద కుండ తెచ్చి మధ్యలో పెట్టారు. పొడుగాటి రెల్లు గొట్టాలు పంచారు.

కెన్యాంగి లేవబోయింది. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“నువ్వెందుకు? కాచింది ఎవరో వాళ్ళకి తెలుసు” అని, నా దగ్గరకొచ్చి వంగి, పెదవులు కదలకుండా అన్నాడు. “ఒక్క గుక్క. అదీ వద్దు, పెదాలకి తగిలించి వదిలెయ్. ఎవడికి తెలుస్తుంది? కూతురి పెళ్ళి ఇది. ఇవాళొక్కరోజు మనిషిలా ఉండు.”

నేను లేచాను. కుండ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. గొట్టం చేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది, పక్షి ఎముకలాగా. ఆయన చెప్పింది నిజమే, ఎవరికీ తెలియదు. పెదాలు ఆనించి, బుగ్గలు లోపలికి లాగి, మింగినట్టు గొంతు కదిలిస్తే సరిపోతుంది. ఇన్నేళ్ళు తాగి తాగనట్టు నటించినదాన్ని, తాగకుండా తాగినట్టు నటించలేనా? కానీ నా పెదాల సంగతి నాకు తెలుసు. అవి గొట్టం తాకితే ఆ తర్వాత నా మాట వినవు. పొగమంచు ఇంకా పూర్తిగా పోలేదు. చుట్టూ ఉన్న మొహాలు అంచులు కరిగి కనిపిస్తున్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు, మునుపు వంటింట్లో చూసినట్టు, నేనేమంటానా అని. కుండలోంచి వాసన లేచి నా మొహాన్ని నిమిరింది. ఒక్కసారి ఒంట్లో బరువంతా పోయింది. చెయ్యి నీళ్ళలోకి జారుతోంది. ఒడ్డు ఎక్కడో గుర్తు రావడం లేదు. తడికె వెనక ఆడపిల్లల మధ్య కూర్చున్న నిన్సీమా దగ్గింది. ఊరికే దగ్గిందో, నాకోసం దగ్గిందో.

గొట్టం గడ్డి మీద పెట్టేశాను.

“పెద్దలు క్షమించాలి” అన్నాను. “ఈ కుండలో మీకెవరికీ విషం లేదు. నాకొక్కదానికే ఉంది.”

రుకుండో తల ముందుకు వంచాడు, సరిగ్గా వినపడనట్టు.

“నేను తాగుడికి బానిసనయ్యాను. ట్రైనింగ్‌కి వెళ్ళానని మీరు విని ఉంటారు. నేను వెళ్ళింది తాగుడు మానిపించే చోటికి. కల్లు నా చేత్తోనే కాచాను, మంచిగా కాచాను. కానీ తాగను.”

ఎక్కడో ఒక ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. మా ఆయన గట్టిగా నవ్వి “మా ఆవిడకి పరాచికాలు ఎక్కువ” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మగపెళ్ళివాళ్ళలో ఒకాయన గొట్టాన్ని మెల్లగా కుర్చీ కిందకి జార్చేశాడు.

చాప మీంచి మా అత్త లేచింది. మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, తీరిగ్గా నడిచొచ్చి నా పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు. గడ్డిలోంచి గొట్టం తీసి, కొంగుతో తుడిచి, కుండలో పెట్టి దీర్ఘంగా పీల్చింది. మింగింది. మూతి తుడుచుకుంది.

“పులుపు తక్కువైంది” అంది అందరికీ వినపడేలా. “రుచి చూడకుండా కాస్తే అంతే మరి. అంతకు మించి దీనికేం రోగం లేదు. తాగండి.”

రుకుండో కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కొందరు తాగారు. కొందరు గొట్టం చేతిలో పట్టుకుని ఊరికే కూర్చున్నారు. నిన్సీమాని ఆ సాయంత్రం దోనె ఎక్కించాం. అది ఏడవలేదు. నా చెయ్యి ఎంతసేపు వదల్లేదంటే దోనె అప్పటికే కదులుతోంది, నేను నీళ్ళలోకి మోకాళ్ళదాకా దిగాను.

నేను ఇంటికి తిరిగొచ్చేసరికి మా ఆయన వాకిట్లో మిగిలిన కుండ పక్కన కూర్చుని ఉన్నాడు.

“అంతమందిలో చెప్పాలా?” అన్నాడు.

“ఎంతమందిలో దాచారో అంతమందిలోనే చెప్పానండీ.”

“నా పరువు గురించి ఆలోచించావా?”

“మీరు రోజూ తూలుతూ వస్తారు. ఊరందరికీ తెలుసు. మీ పరువుకేమన్నా అయిందా?”

ఆయన గొట్టం అందుకున్నాడు. కాసేపటికి కుర్చీలోనే తల వాల్చేశాడు. చలి గాలి మొదలైంది. నేను వెళ్ళి దుప్పటి కప్పాను, మనిషి కదా. బూట్లు మాత్రం విప్పలేదు. అత్త గుమ్మంలో నిలబడి అది చూసింది. ఆ రోజు, మర్నాడు కూడా నాతో మాట్లాడలేదు. వంటింట్లో నా పక్కనే కూర్చుని చిలగడదుంపలు ఒలిచింది, అంతే.

సోమవారం బడికి వెళ్ళాను. ఊరి మాటలు నాకన్నా ముందే కొండెక్కి బడికి చేరాయి. టీచర్లు వరండాలో గుంపుగా ఉన్నవాళ్ళు నన్ను చూసి విడిపోయారు. హెడ్మాస్టర్ తిబేసిగ్వా గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. నేను ఉద్యోగంలోకి తిరిగొచ్చినప్పటి నుంచీ ఆయనకి ఒక అలవాటుంది. రోజూ పొద్దున నమస్కారం చెబుతూ బాగా ముందుకు వంగి, ముక్కుతో మెల్లగా గాలి పీలుస్తారు. అది మర్యాదేనన్నట్టు ఆయనా, నాకేమీ తెలియనట్టు నేనూ రోజూ ఊరుకుంటాం. నేను ఊపిరి బిగబట్టి, తప్పు చేసిన పిల్లలా నిలబడేదాన్ని.

ఆరోజూ వంగారు. నేను ఒకడుగు వెనక్కి వేశాను.

“వాసన చూడకండి సార్” అన్నాను. “అడగండి. చెబుతాను.”

ఆయన సగం వంగినవారు అలాగే ఆగిపోయారు. వరండాలో అందరూ వింటున్నారు. గంట కొట్టే మనిషి కూడా గంట కొట్టడం ఆపి చూస్తున్నాడు. ఆయన గొంతు సవరించుకున్నారు. అడగలేకపోతారేమో అనుకున్నాను. కానీ అడిగారు, చాలా మెల్లగా, ఒక మనిషిని అడిగినట్టు.

“తాగారా, కొబుసింగ్యె గారూ?”

“లేదు సార్” అన్నాను.

ఆ రోజుకి అది నిజం.