దొడ్లో ఇనుప గొట్టం

మా తమ్ముడి రెక్సిన్ సంచిలో రెండు పంచెలు పెట్టి, ఒకటి మళ్ళీ బయటికి తీశాను. పచ్చడి సీసా మూతకు గుడ్డ కట్టి, విప్పి, మళ్ళీ కట్టాను. ఎంత ఆలస్యంగా సర్దితే అంత మంచిదని నా ఆశ. చెంచురామయ్య గోడకు ఆనుకొని చూస్తున్నాడు.

"అక్కా, సంచి సర్దుతున్నవా, కాపురం పెడుతున్నవా?"

"పోయేటోనికి తొందరుంటది. సర్దేదానికి ఏంది?"

మా ఇంట్లో సంచులు సర్దడం నా వంతు. సాగనంపడం కాదు. మా ఆయన పోయినప్పటి నుంచి ఎవరు బయలుదేరినా నేను ఎదురుపడను, దొడ్లోకి పోతాను. అందరి ప్రయాణాలూ నాకు చెప్పుల చప్పుడు, గేటు గొళ్ళెం చప్పుడు, అంతే.

పెళ్ళాం పోయి, పిల్లలు లేక, వాడు దమ్మపేటలో నా దగ్గరికి చేరి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు భద్రాచలంలో స్నేహితుడి కొబ్బరికాయల కొట్లో ఉంటాడట. ఎందుకు పోతున్నాడో ఇంట్లో అందరికీ తెలుసు. నోరు విప్పేవాళ్ళు లేరు. ఇదంతా ఆ టీవీ వల్ల.

మిరప బాగా పండిన ఏడు నా కొడుకు వెంకటరామారావు దాన్ని ఇంటికి తెచ్చాడు. దానికి తలుపులు, పక్కన గుర్రుమనే స్టెబిలైజరు. బొమ్మకు రంగులు రావాలని ముందు ఒక ప్లాస్టిక్ రేకు తగిలించారు, పైన నీలం, కింద పచ్చ. దేవుడైనా దొంగైనా అందులో నుదురు నీలం, కాళ్ళు పచ్చ. ఇంత ముస్తాబు చేసినా మా అడవి అంచుకు బొమ్మ రాదు, చీమలు వస్తాయి. దొడ్లో పొడుగాటి ఇనుప గొట్టానికి యాంటెనా కట్టారు. బొమ్మ కుదిరేదాకా ఎవరో ఒకరు ఆ గొట్టాన్ని తిప్పాలి, కుదిరాక కదలకుండా పట్టుకోవాలి. ఆ ఒకరు ఎప్పుడూ మా తమ్ముడే. ఊరంతా వచ్చి చూసిన టీవీని వాడు చూడలేదు. వాడు చూసింది దొడ్డి గోడను.

పోయిన ఆదివారం గాలికి గొట్టం వాడి చేతిలో జారింది. ఇంటినిండా జనం. "తినుడే గాని ఒక్క గొట్టం పట్టుకోలేవా మామా?" అని అరిచాడు నా కొడుకు. కోడలు సుశీల "అదేం మాటండీ" అంది గానీ, కళ్ళు టీవీ మీదే. చెంచురామయ్య గొట్టం మళ్ళీ నిలబెట్టాడు. ఈ ఆదివారం పొద్దున సంచి అడిగాడు.

"పోయి ఒక మాట చెప్పరా, ఆగుతడు," అని కొడుకును బతిమాలాను.

"సీరియల్ అయినంక చెప్త తియ్యి అమ్మా."

సీరియల్ అయ్యేలోపు భద్రాచలం బస్సు పోతుంది. అప్పుడు తట్టింది నాకు. ఆ బస్సు తప్పితే మళ్ళీ రేపే. తమ్ముణ్ణి టీవీ ముందు కూర్చోబెడితే, ఊరంతటిని కట్టేసిన ఆ బొమ్మ వాణ్ణి మాత్రం కట్టెయ్యదా? రేపటికి కోపం దిగుతుంది. అయితే గొట్టం నేను పడతానంటే వాడు ఒప్పుకోడు. అందుకని ఆ మాట చెప్పలేదు.

"నువ్వు పోయి కుర్చీల కూర్చో. నేను దొడ్లకు పోతున్న," అన్నాను.

వాడు నా ముఖం కేసి చూశాడు. "సరే అక్కా. పైలం, జాగర్త."

"దొడ్లకు పోవుడుకు పైలం ఏందిరా!" అని విసుక్కొని వెళ్ళాను.

గొట్టం ఎండకు కాలుతోంది. తిప్పాను. లోపలి నుంచి నా కొడుకు కేకలు మొదలయ్యాయి. "మామా, కుడికి! ఇంకొంచెం! ఆఁ, వచ్చింది! కదలకు మామా!"

ఓరి గుడ్డోడా, నీ మామ నీ వెనక కుర్చీలోనే ఉన్నాడు కదరా! అరవాలనిపించింది. అరిస్తే తమ్ముడు పరుగెత్తుకొస్తాడని పళ్ళు బిగబట్టాను. చేతులు లాగుతున్నా వదల్లేదు. రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఆగింది, కదిలింది. పో, జల్దీ పో, అనుకున్నాను. ఎన్నాళ్ళకో ఒక బస్సు పోతుంటే సంతోషం కలిగింది నాకు.

ధైర్యం వచ్చి అప్పుడు అడిగాను. "ఒరే, మామ చూస్తున్నడా?"

"అవ్, అవ్, చూస్తున్నడు! కదలకు!"

సీరియల్ అయ్యాక లోపలికి వచ్చాను. కుర్చీ ఖాళీ. గోడ దగ్గర సంచి లేదు.

"ఇప్పటిదాంక ఈడనే ఉండె గద!" అన్నాడు నా కొడుకు, టీవీ మీది నుంచి కళ్ళు తిప్పకుండానే.

గడప దగ్గర జంపక్క లేచింది. అడవి పల్లె నుంచి విస్తరాకులు అమ్మవచ్చి, ప్రతి ఆదివారం అక్కడే కూర్చొని చూసిపోతుంది.

"ఎప్పుడో పాయె గదమ్మా. మీ కొడుకు దొడ్డి దిక్కు మామా, మామా అని ఒర్రుతుంటే ఆయన ఎనకనే కూసొని నవ్విండు. సంచి తీస్కొని నన్ను దాటి పోయిండు."

"నన్ను పిలవకపోయినవా?"

"పిలుస్తనంటే వద్దన్నడు. ఎదురు రావొద్దని మా అక్క ఎనకకు పోయింది, మళ్ల పిలవకు అన్నడు."

"మరి గొట్టం ఎవరు పట్టిండ్రు?" అని అడిగాడు నా కొడుకు. తుప్పు అంటిన అరచేతులు వాడి ముఖం ముందు పెట్టాను. అప్పుడు చూశాడు.

తరువాత కబురు పంపాము, నేనూ ఒకసారి భద్రాచలం వెళ్ళి అడిగాను. చెంచురామయ్య మళ్ళీ మా ఇంటికి రాలేదు. వాడు ఇల్లు విడిచి పోయింది 1988 మే నెలలో, ఒక ఆదివారం పొద్దున.