పదింటి మాట

శ్రీరామమూర్తి గొంతు పోయి రెండేళ్లయింది. పోవడమంటే బొంగురుపోవడం కాదు. పుండు ముదిరిందని డాక్టర్లు స్వరపేటికను కోసి తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. దానికి అడ్డంగా తెల్ల గుడ్డ కట్టుకుంటాడు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఎంసెట్ పిల్లలకు ఫిజిక్సు చెప్పినవాడు. మైకు లేకుండా రెండు వందల మందికి వినబడేలా చెప్పేవాడని పేరు.

భార్య పోయి ఎనిమిదేళ్లు. పిల్లలు లేరు. కోనసీమలో ఉన్న తమ్ముళ్లు ఆస్పత్రికి వచ్చి చూసి వెళ్లారు. ఆ తర్వాత ఫోన్లు చేసి ఏం లాభమనుకున్నారో ఏమో, మానేశారు. మాట్లాడలేనివాడికి ఫోనెందుకని శ్రీరామమూర్తి కూడా సెల్లు తీసేశాడు. కొత్తపేటలో పై పోర్షనులో ఒక్కడే ఉంటాడు. కింద ఇంటి ఓనరు అండాలమ్మ ఉంటుంది. నల్గొండ వైపు మనిషి, మంచిది. కానీ మాట రానివాడికి చెవులు కూడా వినబడవని ఆమె నమ్మకం. "సారూ! నీళ్లొచ్చినయ్!" అని వీధి చివరి దాకా వినబడేలా అరుస్తుంది. నీళ్లు, కరెంటు, చెత్తబండి తప్ప అతనితో ఎవరూ మాట్లాడే సంగతులు లేవు.

ఒక్క భిక్షపతి తప్ప.

భిక్షపతి ఆర్టీసీ కండక్టరు. అదే ఆస్పత్రిలో, అదే నెలలో, పక్క మంచం మీద అదే ఆపరేషను చేయించుకున్నాడు. యాభై కూడా నిండలేదు. మాట పోయాక డిపోలో మధ్యాహ్నం నుంచి కాగితాల పని ఇచ్చారు. ఆస్పత్రి నుంచి వెళ్లేముందు ఇద్దరూ చీటీల మీద చాటింగు పేర్లు రాసి ఇచ్చుకున్నారు. అప్పటి నుంచి రోజూ పొద్దున పది గంటలకు కంప్యూటర్లో మాట్లాడుకుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. భిక్షపతి ఉండేది ఎల్బీనగర్‌లో, నడిస్తే ముప్పావుగంట. అయినా రెండేళ్లలో ఒకరింటికి ఒకరు వెళ్లలేదు. ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాట రాదని తెలుసు. తెర మీదైతే ఆ సంగతి గుర్తు రాదు.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి. సమ్మెలో ఉన్న భిక్షపతి ఒక మంగళవారం మామూలు మాటల మధ్యలో ఇలా రాశాడు:

"రాష్ట్రమొస్తే మీరేం జేస్తరు సార్? ఈడనే ఉంటరా, మీ ఊరికి పోతరా?"

శ్రీరామమూర్తి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. అయినా, "రేపు చెబుతాను" అని రాసి కంప్యూటరు కట్టేశాడు. ఆ పగలంతా ఆలోచించాడు. ఊళ్లో తన వాటా ఇల్లు ఎప్పుడో తమ్ముళ్లకు ఇచ్చేశాడు. ఇక్కడ ముప్పై ఏళ్లున్నా 'మీ ఊరు' అంటే ఇంకా అదే.

బుధవారం పది గంటలకు జవాబు మనసులో పెట్టుకుని కూర్చున్నాడు. కంప్యూటరు తెరుచుకుంది. చాటింగు పెట్టె వచ్చింది. భిక్షపతి పేరు పక్కన పచ్చ చుక్క వెలిగింది.

"సార్ ఉన్నరా?"

ఉన్నానని కొట్టబోయాడు. తెర మీద ఏమీ పడలేదు. మళ్లీ కొట్టాడు. ఒక్కో అక్షరాన్నీ గట్టిగా నొక్కి చూశాడు. ఏ మీట నొక్కినా చలనం లేదు. కీబోర్డు కుడి మూలన ఎప్పుడూ వెలిగే చిన్న దీపం వెలగడం లేదు. మౌసు మాత్రం కదులుతోంది. అంటే కంప్యూటరు బాగానే ఉంది, తెగింది కీబోర్డు దగ్గరే. పిల్లలకు సర్క్యూట్లు చెప్పినవాడు కాబట్టి అంతవరకు తేల్చుకోగలిగాడు. బల్ల కిందకు దూరి గుండ్రటి ప్లగ్గు పీకి, ఊది, మళ్లీ నొక్కి పెట్టాడు. నోటితో ఊదే అలవాటు ఇంకా పోలేదు. నోరు సున్నాలా చుట్టాడు, గాలి మెడ గుడ్డలోంచి వచ్చింది.

లేచి చూసేసరికి ఇంకో వాక్యం.

"నిన్న నేనడిగిన దానికి కోపమొచ్చిందా?"

అప్పుడతనికి ఒక ఉపాయం తట్టింది. రాయడం కుదరకపోయినా, ఇదివరకు రాసినవి పైన ఉన్నాయి కదా. మౌసుతో పైకి జరిపాడు. సోమవారం నాటి తన మాటల్లో "లేదు, ఇంకా తినలేదు" అని ఉంది. అందులో మొదటి మాట ఒక్కటే ఎంచుకుని, కింద అతికించి, పంపే బొత్తాం నొక్కాడు.

"లేదు."

"మరి నిన్నటి జవాబు చెప్పుండ్రి సార్."

శ్రీరామమూర్తి గబగబా పాత కబుర్లన్నీ వెతికాడు. వానలు, ఉప్మా, మందుల పేర్లు, టీవీ వార్తలు. కీబోర్డు అన్న మాట రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారి కూడా వాడలేదు. ఎందుకు వాడతారు? చివరికి ఒక చోట మిక్సీ చెడిపోయిన సంగతి కనబడింది. అందులోంచి "పాడైంది" అన్న ముక్క తీసి పంపాడు.



"ఏం పాడైంది సార్? మన దోస్తానా?"

శ్రీరామమూర్తి నోరు తెరిచాడు. కాదు అన్నాడు. ఖాళీ గదిలో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కాదు అన్న మాట కోసం పైకి వెతుకుతుండగానే కింద ఆఖరి వాక్యం పడింది.

"సరే సార్. మీ ఇష్టం. ఇయ్యాల చౌరస్త కాడ వంటావార్పు ఉన్నది. పోతున్న."

పచ్చ చుక్క ఆరిపోయింది.

అతను తొందరపడ్డాడు. కంప్యూటరు ఆపి మళ్లీ వేస్తే కీబోర్డును గుర్తుపడుతుందేమోనని మౌసుతో మూసి, మళ్లీ తెరిచాడు. తెర నల్లగా ఉండిపోయింది. దాని మీద తెల్ల అక్షరాలు: కీబోర్డు కనబడటం లేదు, ముందుకు సాగాలంటే ఎఫ్ వన్ మీట నొక్కండి.

ఇంకో రోజైతే నవ్వుకునేవాడే. ఇప్పుడు ఆ కాస్త కిటికీ కూడా మూసుకుంది.

కీబోర్డును పీకి, గుడ్డసంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు. పప్పు చెరుగుతున్న అండాలమ్మ తలెత్తి చూసింది.

"యాడికి సారూ? దుకాన్లన్ని బంద్! ఆటోలు సుత లేవ్!" అని అరిచింది.

సంచిలోంచి కీబోర్డు కొస చూపించి, పాడైందన్నట్టు చెయ్యి తిప్పాడు.

"గీ ఎండల గదేం పరేషాన్? రేపు తెచ్చుకోరాదు!"

రేపటి దాకా ఆగలేనని ఆమెకు ఎలా చెప్పడం? తల ఊపి ఎల్బీనగర్ వైపు బయల్దేరాడు.

మెయిన్ రోడ్డు మీద షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. పండ్ల మార్కెట్ గేటు దగ్గర బత్తాయిల లారీలు వరుసగా ఆగి ఉన్నాయి. ఆ పక్కగా వెళ్తే ఒకప్పుడు వాసనకే నోరూరేది. వాసన తెలియడం కూడా గొంతుతోనే పోయింది. దుమ్ము రంధ్రంలోకి పోకుండా గుడ్డ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచాడు. దారిలో రెండు చోట్ల ఆగి దగ్గాడు.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర హైవే మీదే రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు. పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం ఉడుకుతోంది. ఒక పక్క డప్పులు, ఇంకో పక్క నినాదాలు. శ్రీరామమూర్తి అంచున నిలబడి వెతుకుతుంటే, కండువా వేసుకున్న ఒకాయన దగ్గరికొచ్చాడు.

"ఎవరు గావాలె సార్? ఏ ఊరు మీది?"

అడగడం మర్యాదగానే అడిగాడు. అయినా శ్రీరామమూర్తి ఒక అడుగు వెనక్కి వేశాడు. గొంతే ఉంటే, నోరు విప్పిన మరుక్షణం గోదావరి యాస బయటపడేది. సమాధానంగా మెడ గుడ్డ కాస్త కిందికి లాగి చూపించాడు. ఆయన మొహం మెత్తబడింది.

"అయ్యో! మా భిక్షపతన్న లెక్కనేనా? రాండ్రి, ఆడనే ఉన్నడు."

తన మాట పోవడం వల్లే ఈ క్షణం తప్పించుకున్నానని అనిపించింది. ఆ ఊరటకు వెంటనే సిగ్గేసింది. రెండు వందల మందికి వినబడిన గొంతు అది.

భిక్షపతి కండక్టర్ల గుంపు మధ్యలో ఉన్నాడు. ఆస్పత్రిలో చూసినప్పటి కంటే ఒళ్లు చేశాడు. గరిటెతో అన్నం వార్చే సిబ్బి మీద కొడుతున్నాడు. అందరూ నినాదం ఇస్తుంటే తనూ నోరు తెరిచి ఇస్తున్నాడు. శబ్దం రాకపోయినా పక్కవాళ్లు అతని లయనే అందుకుంటున్నారు. ఎవరో అతని భుజం మీద చెయ్యేసి చెవిలో ఏదో చెప్పారు. భిక్షపతి ఒళ్లంతా కదిలేలా నవ్వాడు.

శ్రీరామమూర్తి అక్కడే ఆగిపోయాడు. రెండేళ్లుగా అవతలి గదిలో కూడా తనలాంటి ఒంటరివాడే ఉన్నాడనుకున్నాడు. పదింటి కబుర్లు భిక్షపతికి రోజులో ఒక గంట. తనకు రోజంటే అదొక్కటే. వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు.

అంతలో భిక్షపతి చూశాడు. చేతిలో గరిటె ఆగింది. మొహం బిగుసుకుంది. శ్రీరామమూర్తి ఏం చేయాలో తోచక సంచిలోంచి కీబోర్డు తీసి రెండు చేతులా పైకెత్తాడు. మీటలు నొక్కి చూపించి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. రోడ్డు మీద జనం అతన్ని వింతగా చూస్తున్నారు. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఊపాడు.

భిక్షపతికి అర్థమైంది. నెత్తి కొట్టుకుని ఎదురొచ్చి, చెయ్యి పట్టుకుని నీడలోకి లాక్కెళ్లాడు. కీబోర్డును ఒళ్లో పెట్టుకుని వైరంతా తడిమాడు. ప్లగ్గు తిప్పి ఎండకు పట్టి చూసి వేలు పెట్టాడు. లోపలి సన్నటి సూదుల్లో రెండు వంగిపోయి ఉన్నాయి. ఎప్పుడు వంగాయో! నిన్న సాయంత్రం గది ఊడ్చినప్పుడు వైరు కాలికి తగిలింది, తనే మళ్లీ గుచ్చాడు. భిక్షపతి జేబులోంచి పెన్ను తీసి, అయిపోయిన రీఫిల్ బయటికి లాగి, దాని ములుకు పీకేశాడు. ఆ సన్నటి గొట్టంలోకి సూదిని దూర్చి మెల్లగా, మెల్లగా నిలబెట్టాడు. తర్వాత రెండోది.

ఇద్దరికీ విస్తళ్లలో అన్నం, పప్పు తెచ్చి పెట్టారు. పక్కపక్కన కూర్చుని తిన్నారు. తిన్నాక శ్రీరామమూర్తి ఒకరి దగ్గర సైగతో పెన్ను అడిగి తీసుకుని కరపత్రం వెనక రాశాడు:

"నేను వెళ్లడానికి అక్కడ నాకెవరూ లేరు. కొత్తపేటలోనే ఉంటాను. మీరు ఉండనిస్తే."

భిక్షపతి చదివాడు. పెన్ను తీసుకుని చివరి రెండు మాటల మీద గట్టిగా గీత కొట్టి, కింద రాశాడు: "గట్ల రాయొద్దు సార్. బాధైతది."

శ్రీరామమూర్తి ఇంకా ఏదో రాయబోయాడు. ఇంతలో అవతల్నుంచి కేక వినబడింది.

"భిక్షపతన్నా! ర్యాలీ కదులుతున్నది, రావే!"

భిక్షపతి లేచాడు. పోవాలన్నట్టు చేత్తో సైగ చేసి, కరపత్రం మీద ఇంకో ముక్క గీశాడు: "సమ్మె అయ్యేదాంక పదింటికి రానేమో." భుజం నొక్కి గుంపులో కలిసిపోయాడు. డప్పులు దూరమయ్యాయి. శ్రీరామమూర్తి కీబోర్డు సంచిలో పెట్టుకుని వచ్చిన దారినే నడిచాడు.

ఇంటికి వచ్చి ప్లగ్గు జాగ్రత్తగా పెట్టి కంప్యూటరు వేశాడు. కుడి మూల దీపం వెలిగింది. మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. అన్నీ పడుతున్నాయి. "పాడైంది కీబోర్డు, దోస్తానా కాదు" అని రాసి పంపాడు. అటు పచ్చ చుక్క లేదు.

అక్టోబరు సగంలో బస్సులు మళ్లీ తిరిగాయి. భిక్షపతికి పొద్దుటి డ్యూటీ వేశారు. ఇక ఆదివారాలు మాత్రమే వీలవుతుందని రాశాడు. మిగిలిన ఆరు రోజులూ శ్రీరామమూర్తి చెప్పాల్సినవి మనసులో పోగుచేసుకునేవాడు. రంధ్రంలో దుమ్ము పడి రాత్రంతా దగ్గిన సంగతి, కోచింగ్ సెంటరు ముందు పాత విద్యార్థి కనబడి గుర్తుపట్టకుండా వెళ్లిపోయిన సంగతి, పేపర్లో చదివినవి, కలలో తన గొంతు తనకు వినబడినట్టు అనిపించడం.

ఆదివారం పది గంటలకు చుక్క వెలిగేది.

"ఎట్లున్నరు సార్?"

చేతులు మీటల మీద పెట్టేవాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు.

"బాగానే ఉన్నాను" అని కొట్టేవాడు.