చెవి గుర్తుల పుస్తకం

మా పెద్దమ్మ జెల్ఫా డెబ్బై ఏళ్ళుగా ఆ కోర్టు మెట్లు ఎక్కలేదు. బైపాస్ మీద కొత్త కోర్టు కట్టాక పాతదాన్ని మ్యూజియం చేశారు. అయినా సరే, బజారుకొస్తే ఆ వీధి వదిలేసి చుట్టూ తిరిగి పోయేది. అలాంటిది మొన్న శనివారం పొద్దున్నే టోపీ పెట్టుకుని వచ్చి నా కారులో కూచుంది.

"పద రోవీనా. చచ్చేలోపల ఆ గదిలో ఒక్క మాట చెప్పాలి."

"ఎవరికి చెబుతావు పెద్దమ్మా? జడ్జీ లేడు, జ్యూరీలో పన్నెండు మందీ పోయారు."

"గది ఉందిగా," అంది.

ఆ మాటేమిటో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆవిడ అన్న హార్లిస్, అంటే మా మావయ్య, కొట్టు నడిపే ఆయన్ని పొడిచి చంపాడని ఆ గదిలోనే తేల్చారు. ఇరవై రెండేళ్ళవాణ్ణి కరెంటు కుర్చీలో కూచోబెట్టారు. చొక్కా మీద నెత్తురు పందిదిరా నాయనా అని వాడు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. "మీ ఇంట్లో పందిని కోశారా పాపా?" అని సర్కారు ప్లీడరు అడిగితే, తొమ్మిదేళ్ళ పెద్దమ్మ "లేదండీ" అంది.

కోశారు. ఆ రోజుల్లో ఈ కెంటకీ కొండల్లో పందుల్ని మేతకి అడవిలోకి వదిలేసేవాళ్ళు. ఇంట్లో తినడానికేం లేక హార్లిస్ ఎవరిదో ఒకదాన్ని పట్టి కోసి తెచ్చాడు. పంది దొంగతనానికి జైలు. అందుకని, ఎవరడిగినా పంది లేదనమని మా అమ్మమ్మ పిల్లకి నూరిపోసింది. పెద్దవాళ్ళు చెప్పింది పిల్ల చేసింది. తీర్పయ్యాక అమ్మమ్మ జడ్జీ దగ్గరికి పరిగెత్తి నిజం చెబితే, కొడుకు కోసం ఏ తల్లయినా అలాగే అంటుందన్నారు. వాడు జైల్లో ఉండగా వీళ్ళు ఆ చలికాలమంతా ఆ మాంసమే తిన్నారు.

శనివారం శనివారం అక్కడ ఆ కేసునే నాటకం వేస్తున్నారని నాకు తెలీదు. గుమ్మం దగ్గర బోర్డు చూసి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపాను.

"వెనక్కి పోదాం పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను."

"నోరు మూసుకుని నడు."

మేడమీద గదిలో బెంచీలన్నీ నిండాయి. చూడ్డానికొచ్చినవాళ్ళలోంచే పన్నెండు మందిని లాగి జ్యూరీలో కూచోబెట్టారు. నిక్కర్లేసుకున్న ఇద్దరాడాళ్ళు ఒకటే కిచకిచలు. రిటైరయ్యాక ఈ మ్యూజియం చూసుకుంటున్న బడిపంతులు విల్‌బర్న్ నల్లగౌను వేసుకుని జడ్జీ అయ్యాడు. రెండు జడల పిల్లొకతి సాక్షి కుర్చీ ఎక్కి, అడిగినదానికి ముద్దుముద్దుగా "లేదండీ" అంది.

పెద్దమ్మ ముందు బెంచీ పట్టుకుని లేచింది.

"కోశామండీ! పందిని కోశాం. అబద్ధం చెప్పమంటే చెప్పాను. ఆ నెత్తురు పందిదేనండీ!"

గదంతా ఒక్కసారి చప్పట్లు. ఎవడో ఈల కూడా వేశాడు. విల్‌బర్న్ నవ్వుతూ సుత్తితో బల్ల మీద కొట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఛీ, చప్పట్లెందుకయ్యా మీ మొహాలకి! ఆ రోజు ఆ కుర్చీలో కూచున్న పిల్ల ఈవిడే!"

చప్పట్లు ఆగిపోయాయి. విల్‌బర్న్ గౌను విప్పేసి దిగొచ్చాడు. పాపం, మంచి మనిషే. పెద్దమ్మ పక్కన కూచుని మెల్లిగా అడిగాడు.

"ఎవరి పందమ్మా అది?"

"తెలీదు బాబూ. చెవులు నేనే పాతిపెట్టాను. కుడిచెవికి రెండు చీలికలు, ఎడమచెవికి అర్ధచంద్రం."

ఎవరి పందుల చెవులకి వాళ్ళు ఒక కోత పెట్టి, దాన్ని కోర్టు పుస్తకంలో రాయించుకునేవాళ్ళు. ఆ పుస్తకం కింద గదిలో అద్దాలపెట్టెలో ఉంది. విల్‌బర్న్ మమ్మల్ని కిందికి తీసుకెళ్ళి, తాళం తీసి, పేజీలు తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది. టక్కున మూసేశాడు.

"సిరా చెరిగిపోయిందమ్మా. కనబడ్డం లేదు."

"ఏదీ, ఇలా ఇవ్వండి," అని లాక్కున్నాను.

"వద్దమ్మాయ్. ఇప్పుడెందుకు?"

నిన్న రాసినట్టుంది. రెండు చెవుల బొమ్మ, పక్కన పేరు. టోలివర్ సైజ్‌మోర్. చదివి తలెత్తితే, విల్‌బర్న్ గోడవైపు చూస్తున్నాడు. అక్కడ జ్యూరీ ఫొటో ఉంది, పన్నెండు మంది కోర్టు మెట్ల మీద. నడిమధ్య నిలబడ్డవాడు జ్యూరీ పెద్ద. కిందున్న పేరు టోలివర్ సైజ్‌మోర్.

టోలివర్ పంది మాయమైన వారంలోనే ఆ హత్య జరిగింది. హార్లిస్ అది పంది నెత్తురంటుంటే ఏ పందిదో టోలివర్‌కి తెలుసు. తెలిసే, లేచి నిలబడి, దోషి అని చదివాడు.

"పెద్దమ్మా, విను. తప్పు నీది కాదే. నువ్వు అప్పుడు చిన్నపిల్లవి. వీడు, ఈ దుర్మార్గుడు..."

ఆవిడ వినడం లేదు. అద్దానికి ముక్కు ఆనించి ఆ మొహాన్నే చూస్తోంది.

"ఈయనెవరో నాకు తెలుసే. తీర్పు చెప్పాక మెట్ల దగ్గర నా తల నిమిరాడు. మంచిపిల్లవి, అడిగినదానికి చక్కగా జవాబు చెప్పావు అని పెప్పర్‌మెంటు బిళ్ళిచ్చాడు." ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఇంటికెళ్ళేదాకా చప్పరిస్తూనే ఉన్నాను రోవీనా. అమ్మ ఏడుస్తూ నడుస్తోంది, నేను చప్పరిస్తున్నాను."