సవతి నోటుబుక్కు

ఏడు నెలలుగా నాకు ఊపిరి సరిగ్గా ఆడడం లేదు. గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టు ఉంటుంది. మా ఊరు కావొలాక్ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి మచ్చ లేదన్నారు. కళ్లె పరీక్ష చేసి క్షయ కాదన్నారు. డాక్టరు గొట్టం పెట్టి విన్నప్పుడల్లా నా ఊపిరి బుద్ధిగా ఆడి నన్ను అబద్ధాలకోరుని చేసేది.

"ఇంట్లో పొగ ఉందా?" అని అడిగాడు.

"మాది గ్యాసు పొయ్యి. మమ్మల్ని ఏమనుకున్నారు?" అన్నాను.

నా లెక్క నేను వేసుకున్నాను. ఆసుపత్రిలో బాగుంటాను. ఫాతిక్‌లో మా అమ్మ దగ్గర బాగుంటాను. మా గడప తొక్కితే చాలు, ఊపిరి బిగుస్తుంది. అంటే జబ్బు నాలో లేదు, ఇంట్లో ఉంది. ఇంట్లోకి కొత్తగా వచ్చిందెవరు? కుంబా. మా ఆయన మసాంబా ఎనిమిది నెలల క్రితం కట్టుకున్న నా సవతి. నవ్వితే దానికి బుగ్గన సొట్ట పడుతుంది. నాకు ఆ సొట్ట మీద కూడా అనుమానమే.

అందరం ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని ఎవరి వైపు వాళ్లం తింటాం. నా వైపు ఏదో మందు కలుపుతోందని, ఒకరోజు అది చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే పళ్లెం తిప్పేశాను, దాని వైపు నాకు వచ్చేలా.

"పెద్ద చేప ముక్క నా వైపు పెట్టావే అక్కా! ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో?" అంటూ అది శుభ్రంగా తినేసింది. దానికి ఏమీ కాలేదు. విరుగుడు ముందే మింగి ఉంటుంది.

నేనూ ఊరుకోలేదు. నా ధూపానికి పేటలో పేరుంది. గింజలూ బంకా అత్తరులో మూడు నెలలు ఊరబెడతాను. మొగుడు తన గదికొచ్చే వంతు రోజున ధూపం వేయనిది మా వైపు ఆడదే కాదు. కుంబా వచ్చాక రెండింతలు వేశాను. తలుపులు మూసి, నిప్పుల మూకుడు మీదికి వంగి, బట్టలకీ జుట్టుకీ పట్టించేదాన్ని. మొగుడు నిలుస్తాడు, దిష్టీ పోతుంది.

అది బజారుకు వెళ్లినప్పుడు దాని పరుపు ఎత్తి చూశాను. నోటుబుక్కు! నాకు చదువు రాదు గానీ నా పేరు పోల్చుకోగలను. పేజీ పేజీకీ మరేమ్, మరేమ్, పక్కన ఎర్ర గీతలు. చేతబడికి కాకపోతే సవతి పేరు ఎవరు రాసుకుంటారు? తిన్నగా తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పడేశాను.

"ఇదిగో నా జబ్బు. చదవండి."

"మంగళవారం, మరేమ్ అక్క ధూపం వేసింది. గంటలో ఆయాసం. గురువారం ధూపం లేదు, ఆయాసం లేదు. శనివారం ధూపం..." ఆయన తలెత్తాడు. "పొగ లేదన్నారు?"

"ధూపం పొగేమిటి డాక్టరు గారూ? సువాసన!"

"ఉబ్బసం కావచ్చు. ఊది చూసే పరీక్షకి డాకర్ ఆసుపత్రికి రాస్తాను. ఈలోగా నెల రోజులు మానండి. ఈ రాసినావిడ నాకంటే బాగా చూసింది."

మానాలా? నా వంతు రోజున కూడానా? దారంతా కొత్త అనుమానం తొలిచేసింది. ఇంటికొచ్చి నోటుబుక్కు దాని ఒళ్లోకి విసిరాను.

"మొహం మీద చెప్పడానికి నోరు లేదా?"

"చెప్తే నమ్ముతావా అక్కా? మొగుణ్ణి లాక్కోడానికి మానమంటోందని పేటంతా చాటేదానివి."

చాటేదాన్నే.

"నేను మానగానే నువ్వు మొదలుపెడతావు, అంతేగా?"

"మన గదుల మధ్య గోడ చూరు దాకా లేదు. నా ధూపానికీ నీకు ఆయాసం వస్తోందని నాలుగు నెలల కిందటే ఆపేశాను. కావాలంటే చూసుకో."

నా కోసం ఆపిందంటే నమ్మకుండానే వెళ్లి చూశాను. దాని మూకుడులో నిప్పు లేదు, బూడిద లేదు. జడపిన్నులు దాచుకుంది. "కొత్త కాపురంలో దీని గదికి ధూపం వాసనే లేదు, తల్లి ఏం నేర్పి పంపిందో" అని ఈ నాలుగు నెలలూ కుళాయి దగ్గర అందరినీ నవ్వించింది నేనే.